బ్రేకు తూకం

ఆ జర్మనీ కారు కోరుట్లకు వచ్చిన రోజు గంగారాం చేతిలో ఉన్నవి లెక్కేస్తే మూడే తేలాయి. జగిత్యాల రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు. పదహారేళ్లు పాత కార్లు కొని అమ్మి సంపాదించుకున్న పేరు. ఆఫీసు గదిలో మేకుకు వేలాడే తండ్రి మోకు, అది కూడా సగమే. మిగతాదంతా ఊడ్చి ఆ కారులో పెట్టాడు. షెడ్డులో ఉన్న ఏడు బండ్లను ఒక్క నెలలో తెగనమ్మి, రెండు చిట్టీలు ఎత్తి, యాభై నాలుగు లక్షలు హైదరాబాదులో ఒక వ్యాపారి చేతిలో పోసి దాన్ని తెచ్చుకున్నాడు.

ఇరవై లక్షలు దాటిన బండిని అంతకుముందు ఆయన ముట్టుకోలేదు. కానీ ఈ నడుమ ఇక్కడి కాంట్రాక్టర్లు, డాక్టర్లు, దుబాయి నుంచి వచ్చినవాళ్లు హైదరాబాదు పోయి పెద్ద బండ్లు కొంటున్నారు. కొనేవాడు ఇక్కడివాడే అయినప్పుడు లాభం అక్కడ ఎందుకు ఆగాలి అన్నది ఆయన లెక్క. తప్పు లెక్కేమీ కాదు.

బండి బూడిద రంగుది. ఐదు వందల యాభై గుర్రాల బలం. చక్రాల సందుల్లోంచి పసుపుపచ్చ బ్రేకులు కనిపిస్తాయి. షెడ్డులో దించిన గంట లోపల కోరుట్లలో సగం మంది దాని ముందర నిలబడి ఫోటోలు దిగారు. పక్కనే పాత ఇనుము దుకాణం నడిపే బాలకిషన్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏం గంగన్నా, అమ్ముడుపోకుంటే నాకే ఇయ్యి. కిలోకు ముప్పై రెండు కట్టిస్త," అన్నాడు.

"నీ నోట్లె మన్నుబడ. పొద్దుగాల్నే మంచి మాట దొరకలేదా?" అని నవ్వుతూనే తిట్టాడు గంగారాం.

బండి ఏదైనా సరే, అమ్మేముందు ఆయన ఒక పని తప్పక చేస్తాడు. జగిత్యాల వైపు నాలుగు కిలోమీటర్లు పోతే రోడ్డు తీరుగా, ఖాళీగా ఉంటుంది. అక్కడ బండిని ఎనభైలో ఉరికించి మూడుసార్లు గట్టిగా బ్రేకు తొక్కుతాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు మోకు గుంజుడు. ఆయన తండ్రి మల్లయ్య బుగ్గారంలో తాడిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. చెట్టెక్కేముందు మోకును మానుకు చుట్టి, కింద నేల మీద నిలబడే తన బరువంతా వెనక్కి వేసి మూడుసార్లు గుంజేవాడు. పైకి పోయాక పట్టుకునేది అదొక్కటే. గంగారాం చెట్టెక్కలేదు కానీ ఆ గుంజుడు మాత్రం వదల్లేదు.

జర్మనీ కారు మూడుసార్లూ ఆగింది. మొదటిసారి కొంచెం బద్ధకంగా, తర్వాత రెండుసార్లు ముక్కు నేలకు ఆనేలా.

"పొద్దున సల్లగ ఉన్నప్పుడు గట్లనే ఉంటది కాకా," అన్నాడు సాజిద్. సాజిద్ మెకానిక్. షెడ్డు వెనుక భాగం అతనిదే. చేతికి వచ్చిన ప్రతి బండినీ విప్పి చూడందే మాట్లాడడు. "ఇవి స్టీల్ బ్రేకులు గావు. కార్బన్ సిరామిక్."

"అంటే పింగాణీయా? చాయ్ కప్పా?"

"కప్పు గాదు కాకా, నీ ఇల్లు! ఈ నాలుగు ప్లేట్లు కొత్తయి తేవాలంటే పదహారు లక్షలు. తెప్పిస్తే వచ్చేసరికి నాలుగు నెలలు."

గంగారాం కారు పక్కన నేల మీద కూర్చుని రెండిటికీ తేడా అడిగాడు. సాజిద్ చెప్పుకుంటూ పోయాడు, ఈయన మనసులో పద్దు రాసుకుంటూ పోయాడు. సిరామిక్ అయితే తేలిక, బండి నడక మెత్తగా ఉంటుంది. చక్రాలకు నల్లటి బూడిద అంటదు. ఎంత వేడెక్కినా పట్టు సడలదు. మామూలుగా తిప్పితే బండి ఉన్నంతకాలం ఉంటాయి. స్టీల్ అయితే బరువు, వానకు తుప్పు, చక్రాలకు మసి, మూడు నాలుగేళ్లకు అరుగుడు. కానీ నాలుగున్నర లక్షల్లో నాలుగూ వస్తాయి, వారంలో చేతికందుతాయి. తొక్కిన మొదటి తొక్కుకే పడతాయి.

"స్టీలని అంటరు గని, అది స్టీలు గూడ గాదు. పోత ఇనుము," అన్నాడు సాజిద్.

"అయితే ఈ పింగాణీ ఎంత అరిగిందో చూడు."

సాజిద్ కొలత పెట్టి ప్లేటు మందం చూశాడు. కొత్తదానికీ దీనికీ గోరంత తేడా కూడా లేదు. గంగారాం మొహం విప్పారింది. పదహారు లక్షల సొమ్ము కొత్తదాని తీరుగా ఉంది. అంటే యాభై నాలుగుకు ఆయన కారు కొన్నాడు, బ్రేకులు ఊరికే వచ్చాయి. ఆ లెక్క ఎంత తియ్యగా ఉందంటే, సాజిద్ ప్లేటు మీద వేలు తిప్పి, "గీడ జర గరుకున్నది కాకా. హైదరాబాద్ల మా ఉస్తాద్‌ను అడిగి చూస్త," అన్నప్పుడు, "అరిగితే గద గరుకు గురించి ఆలోచించేది," అని లేచిపోయాడు.

*

బేరం తొమ్మిదో రోజున నడిచి వచ్చింది. సిరిసిల్ల నుంచి విఠల్, ఆయన బిడ్డ మానస. విఠల్‌కు నలభై సాంచాలున్నాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని అలాగే అంటారు. మానస జగిత్యాలలో ఎముకల డాక్టరు. రోజూ పొద్దున సిరిసిల్ల నుంచి బయలుదేరి వేములవాడ మీదుగా జగిత్యాలకు పోతుంది, సాయంత్రం అదే దారిన వస్తుంది.

గంగారాం బానెట్ లేపి బలం గురించి మొదలుపెట్టబోతే విఠల్ చెయ్యెత్తాడు.

"గౌడ్ సాబ్, ఉరుకుడుతోని నాకు పనిలేదు. ఆగుడు సంగతి చెప్పు."

"బాపు ఇంతే," అంది మానస. "ఉరుకుడు సంగతి నేను చూసుకుంట."

"నువ్వు చూసుకున్నది పోయినేడు సూసిన గద!"

పోయినేడు వానాకాలంలో వేములవాడ దాటాక మలుపులో బర్రె అడ్డం వచ్చింది. మానస నడుపుతున్న చిన్న కారు బ్రేకు తొక్కినా జారుకుంటూ పోయి కల్వర్టుకు గుద్దుకుంది. బర్రెకు ఏమీ కాలేదు. మానసకు కుడి మణికట్టు విరిగింది. మూడు నెలలు ఆపరేషన్లు చేయలేకపోయింది. ఇప్పటికీ సంతకం పెట్టేముందు ఆ చెయ్యిని గుండ్రంగా ఒకసారి తిప్పుతుంది.

"దాని సదువుకు పెట్టిందంత గా చేతిలనే ఉన్నది," అన్నాడు విఠల్ మెల్లగా. "బండి కావాలె అంటుంది. వద్దంటే వినదు. సరే కొనిస్త. గని, దునియల అన్నిటికంటె గట్టి బ్రేకు ఉన్న బండే కొనిస్త."

అమ్మేవాడికి ఇంతకంటే ఏం కావాలి? గంగారాం సాజిద్‌ను పిలిచాడు. చక్రం సందులోంచి కొలత పెట్టించి తండ్రికీ బిడ్డకూ చూపించాడు. "కొత్తదానికి దీనికి వెంట్రుక తేడా లేదన్నా. ఇది అరిగేది గాదు. జీవితాంతం." సాజిద్ ఏదో అనబోయాడు. గంగారాం కళ్లతోనే ఆపాడు.

అరవై ఎనిమిది లక్షలకు తెగింది. మానస చెయ్యి ఒకసారి తిప్పుకుని కాగితం మీద సంతకం పెట్టింది. విఠల్ రెండు లక్షలు ఒక తెల్ల కవరులో పెట్టి ఇచ్చాడు. వచ్చే సోమవారం వేములవాడలో బండికి పూజ, అక్కడే తాళంచెవులు అప్పగించడం.

వాళ్లు పోయాక సాజిద్ అన్నాడు. "కాకా, మా ఉస్తాద్ ఏమన్నడంటే..."

"బేరం అయినంక శకునం మాట్లాడకురా. సోమారం దాక నోరు మూసుకో."

ఖర్చులన్నీ పోను పన్నెండు లక్షల ఎనభై వేలు. ఆ రోజు గంగారాం అన్నం తింటూ ఆ అంకెను మూడుసార్లు మనసులో కూడుకున్నాడు. మూడుసార్లూ అంతే వచ్చింది.

*

బుధవారం కాగితాలకని సిరిసిల్ల పోయాడు. విఠల్ సాంచాల షెడ్డులో ఉన్నాడు. ఆ చప్పుడులో మాట వినబడదు, అందుకని పక్కగదిలోకి తీసుకుపోయాడు. అక్కడ బల్ల మీద నూలు కండెలు వరుసగా ఉన్నాయి. ఎవరో అమ్మకందారు నమూనా వదిలిపోయాడు. మాట కలపడానికి గంగారాం ఒక పోగు తీసి వేళ్ల మధ్య రాసి చూశాడు.

"మంచి మందంగనే ఉన్నది గదన్నా."

విఠల్ నవ్వాడు. "వేలుకు మందమే తగుల్తది. వదులుగ వడికితే నూలు పొంగుతది, మందం కనవడ్తది. లోపల సరుకుండది. సాంచమెక్కినంక పుట్టుక్కుమంటది." మాట్లాడుతూనే కొంత పొడుగు నూలు కొలిచి, ఉంగరంలా చుట్టి, అద్దాల పెట్టెలో ఉన్న చిన్న కాటా మీద పెట్టాడు. అంకెలు వణికి నిలబడ్డాయి. ఆయన పెదవి విరిచాడు. "చూసినవా? నేను కొత్తగ దిగిన యాడాది మందం చూసి కొన్న. రెండు సాంచాలు అమ్ముకున్న. అప్పటిసంది వేలు పెట్టుడు బంద్. తూకమే."

గంగారాం నవ్వాడు. కాగితాలు తీసుకున్నాడు. చాయ్ తాగాడు.

వేములవాడలో గుడి ముందర బస్సులు అడ్డం తిరిగి ఇరవై నిమిషాలు బండి కదల్లేదు. తలనీలాలిచ్చిన పిల్లలు, లాడ్జీల వాళ్ల కేకలు, కోడెల మెడలో గంటలు. అంత సందడిలో ఆయనకు విఠల్ మాట ఒక్కటే వినబడుతోంది. వేలుకు మందమే తగుల్తది. ప్లేటు మీద సాజిద్ వేలు తిప్పడం గుర్తుకొచ్చింది. తను కళ్లతో ఆపడం గుర్తుకొచ్చింది. ఏదో ఒకటి అడగకుండా దాటేసిన సంగతి మనిషికి తెలుస్తూనే ఉంటుంది, పేరు మాత్రం పెట్టుకోడు.

షెడ్డులో దిగుతూనే అడిగాడు. "మీ ఉస్తాద్ ఏమన్నడు?"

సాజిద్ చేతులు తుడుచుకున్నాడు. "ఇవి స్టీల్ లెక్క పైకెళ్లి అరుగయి కాకా. బాగ వేడైతె లోపల కార్బన్ కాలిపోతది. మందం గట్లనే ఉంటది, బరువు తగ్గుతది. వీటికి కొలత పెట్టరంట. తూకం పెడ్తరంట. ఎంతకు తగ్గితే పారెయ్యాల్నో ప్లేటు మీదనే రాసుంటది."

"మరి చెప్పవేంది?"

"రెండుసార్లు నోరు తెరిచిన. రెండుసార్లు మూయించినవ్."

గంగారాం జాకీ అందుకున్నాడు. పదహారేళ్లు ఇనుమును కొలిచినట్టే దీన్నీ కొలిచాడు. ఆ కొలత తెలిసినవాడు గనకే తప్పు చేశాడు. ఏమీ తెలియనివాడైతే ఎవరినైనా అడిగి ఉండేవాడు.

చక్రం విప్పారు. సాజిద్ ప్లేటును బయటికి తీసి, నడుమ భాగాన్ని గుడ్డతో తుడిచి, ఫోను లైటు వేసి చదివాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఏడు వేల నాలుగు వందల ఇరవై గ్రాములు. అంతకు తగ్గితే వాడరాదు.

ప్లేటును పసిపిల్లను మోసినట్టు రెండు చేతులా పట్టుకుని బాలకిషన్ దుకాణానికి పోయారు.

"అప్పుడే అమ్మకానికి పెట్టినవా? ముప్పై రెండు అన్న గని, నీకు గాబట్టి ముప్పై మూడు," అన్నాడు బాలకిషన్. ఇద్దరి మొహాలూ చూసి అక్కడితో ఆపి, కాటా మీద ఉన్న రాగి తీగను దించాడు.

ఏడు వేల రెండు వందల అరవై ఐదు.

తీసి మళ్లీ పెట్టారు. అంతే. రెండో ముందు ప్లేటు ఏడు వేల మూడు వందల పది. వెనుకవి రెండూ గీత మీదున్నాయి, ఇంకో ముప్పై గ్రాములు పోతే అవీ అంతే. బండిని ఎవరో పందేల మైదానంలో కాల్చి కాల్చి వదిలారు.

హైదరాబాదు వ్యాపారికి ఫోను చేస్తే తాపీగా విన్నాడు. "చూసుకొని కొన్నరు గద భాయ్," అన్నాడు. ఆ మాట గంగారాంకు కొత్త కాదు. తన నోటితో తనే ఎందరికో చెప్పాడు. ఆఫీసు గోడకు బోర్డు కూడా ఉంది: చూసుకొని కొనండి, తర్వాత మాట లేదు. ఫోను పెట్టేముందు వ్యాపారి ఇంకో మాట అన్నాడు. "ఒకవేళ తీసేస్తే పాత ప్లేట్లు నాకే పంపు. నాలుగు లక్షలిస్త. మందం బాగుంది గద, కొనేటోళ్లు అడుగరు."

*

ఆ సాయంత్రం ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని గంగారాం లెక్కలు వేశాడు.

నోరు మూసుకుంటే పన్నెండు లక్షల ఎనభై వేలు. బండి సోమవారం ఆగుతుంది, మంగళవారం ఆగుతుంది. సాజిద్‌ను అడిగితే, "ఇప్పుడైతే ఆగుతది కాకా. ఎన్ని రోజులో నాకు తెల్వది. ఎప్పుడన్న బాగ వేడెక్కి ఉన్నప్పుడు తొక్కితే పగులొచ్చు," అన్నాడు. కొత్త సిరామిక్ వేస్తే పదహారు లక్షలు, అమ్మినా మూడు లక్షల పైన చేతి నుంచి పోతుంది. నాలుగు నెలల వడ్డీ దాని మీద. స్టీల్ వేస్తే నాలుగున్నర. కానీ స్టీల్ వేయాలంటే చెప్పాలి. చెబితే బేరం నిలవకపోవచ్చు. గట్టి బ్రేకు అన్న ఒక్క మాట మీదనే కదా ఆ మనిషి వచ్చింది.

బల్ల మీద మానస కాగితాల జిరాక్సులు ఉన్నాయి. ఆధార్ కార్డు మీది పాత సంతకం నిటారుగా ఉంది. మొన్న పెట్టిన సంతకం కుడివైపు ఒరిగి ఉంది.

మేకు మీద మోకు సగం వైపు చూశాడు. సగమే ఎందుకుందని ఎవరడిగినా, దానంతటదే తెగిపోయిందని చెప్పేవాడు. అది నిజం కాదు. గంగారాం చిన్నప్పుడు మల్లయ్య తన మోకు పీచు లేచిందని ఒకరోజు కొత్తది పేనుకున్నాడు. గొల్లపల్లి మనిషి ఒకడు పాతది అడిగాడు. బర్రెను కట్టేసుకుంటా, పది రూపాయలిస్తా అన్నాడు. అప్పటికి ఇంట్లో ఆ పది రూపాయలు లేవు. మల్లయ్య కత్తి తీసి మోకును నడుమకు కోసి, "ఇగ కొంటవా?" అన్నాడు. ఆ మనిషి వెళ్లాక గంగారాం ఏడుపు మొహం పెడితే, "బర్రెకు కడ్తనని కొంటడు బిడ్డా. ఎన్నడో ఒకనాడు వాని ఇంట్ల ఎవడో దాన్నే పట్టుకొని తాడెక్కుతడు. ఎక్కెటోనికి దాని సంగతి తెల్వది గద," అన్నాడు.

గంగారాం ఫోను తీసి విఠల్‌కు కలిపాడు. "అన్నా, శనివారం ఒకసారి రండి. బిడ్డను గూడ తోలుకరా. పైసలు తేవద్దు."

*

శనివారం విఠల్ సిరిసిల్ల నుంచి, మానస జగిత్యాల డ్యూటీ నుంచి నేరుగా వచ్చారు. గంగారాం మర్యాదల జోలికి పోలేదు. బాలకిషన్ కాటా తెప్పించి షెడ్డు నడుమ పెట్టించాడు. దాని పక్కన ప్లేటు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎట్లా కొలిచాడో, ఎట్లా మోసపోయాడో, సాజిద్ నోరు ఎన్నిసార్లు మూయించాడో.

విఠల్ కళ్లద్దాలు తీసి ప్లేటు మీది అంకె చదివాడు. తన చేత్తో తనే కాటా మీద పెట్టాడు. తీసి, కాటాను సున్నాకు తెచ్చి, మళ్లీ పెట్టాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం. నీ కాడికెళ్లి వచ్చినంక."

"అంటే నేను చెప్పిన తూకం పట్కొని నా బండినే తూచినవ్." ఆయన గొంతులో నవ్వు లేదు. "ఆ రోజు నా బిడ్డ ముంగట కొలత పెట్టి జీవితాంతం అన్నవ్ గౌడ్ సాబ్."

"అన్న. తప్పు నాదే."

"నా పైసలు నాకియ్యి."

గంగారాం సొరుగు తెరిచాడు. అదే తెల్ల కవరు. విప్పలేదు, ముట్టలేదు. తిరిగి ఇవ్వాల్సి వస్తుందనే లెక్కతోనే ఉంచాడు. విఠల్ కవరు జేబులో పెట్టుకున్నాడు. గడప దాకా పోయాడు.

మానస మాత్రం కదల్లేదు. ప్లేటు మీద వేలు పెట్టి గరుకు చూస్తోంది. "ఇప్పుడు ఈ బండిని ఏం జేస్తరు?"

"స్టీల్ బ్రేకులేస్త మేడం. ఎవరికన్న చెప్పే అమ్ముత."

"గంత పెద్ద బండికి ఇనుప బ్రేకులా?" అన్నాడు విఠల్ గడప దగ్గర్నుంచి. "గిదేం బేరం?"

"బాపూ, ఆగు." మానస తండ్రి వైపు తిరిగింది. "మా దగ్గర తుంటి మార్చేటప్పుడు గూడ ఇదే లొల్లి. గుండు సిరామిక్‌దా, లోహందా అని. అందరు ఖరీదైందే పెట్టమంటరు. మేం మాత్రం మనిషి వయసెంత, ఏం పని చేస్తడు అని చూసి పెడ్తం." గంగారాంను అడిగింది. "నా దారికి ఏది మంచిది? అమ్మేటోని లెక్క చెప్పకు. నీ బిడ్డ నడుపుతదనుకొని చెప్పు."

అమ్మేవాడిగానే పుట్టిన గంగారాం ప్లేటును కాటా పక్కకు జరిపాడు.

"నీ దారిల వంద స్పీడుల ఒక్కతీరుగ పోయే జాగ లేదు బిడ్డా," అన్నాడు. మేడం అనడం మరిచిపోయాడు. "అడుగడుగుకు స్పీడ్ బ్రేకరు, గొర్లు, వేములవాడ బస్సులు. ఇవి వేడెక్కితె బంగారం. నువ్వు పొద్దుగాల ఇంట్లకెళ్లి తీసిన రెండో నిమిషంల కుక్క అడ్డమస్తది. అప్పటికి ఇవి సల్లగనే ఉంటయి. స్టీల్ మొదటి తొక్కుకే పట్టుకుంటది. అరిగితే కంటికి కనవడ్తది. సాజిద్ చూస్తడు, నువ్వే చూస్తవ్. కనవడకుంట తగ్గేది నీకెందుకు?"

"మసి పడ్తది చక్రాలకు," అన్నాడు సాజిద్ నిజాయితీగా. "వారం వారం కడుగాలె."

"కడిగిస్త," అంది మానస. "వేసినంక నేనే నడిపి చూస్త. ఆగకపోతె తీసుకోను."

విఠల్ గడప దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. కవరు తిరిగి ఇవ్వలేదు. ధర మాత్రం అడిగాడు. గంగారాం అరవై ఒకటిన్నర చెప్పాడు. విఠల్ మొదటిసారి ఆయన మొహం తేరిపార చూసి, "గిది బేరం మాటనా, లెక్క మాటనా?" అన్నాడు.

"లెక్కనే. ఇంక తగ్గిస్తె నేను బాలకిషన్ దుకాణంల తూకానికి కూసోవాలె."

*

పన్నెండు రోజుల తర్వాత, పొద్దున ఆరున్నరకు, చలి ఇంకా ఉండగానే బండి బయటికి తీశారు. మానస నడుపుతోంది. పక్కన గంగారాం. వెనుక విఠల్ పైన పిడిని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంజను ఇంకా వేడెక్కలేదు. అదే రోడ్డు, అదే ఖాళీ జాగా.

"ఎనభై రానియ్యి. ఇగ తొక్కు," అన్నాడు గంగారాం.

మొదటి తొక్కుకే బండి నేలను కరిచి నిలబడింది. బద్ధకం లేదు. రెండోసారి. మూడోసారి. విఠల్ వెనుక నుంచి, "అయిపోయినయా?" అని అడిగాడు.

"అయిపోయినయి బాపూ. జగిత్యాల దాక పోయి చాయ్ తాగి వద్దాం."

జగిత్యాల పొలిమేరలో ఒక ఆటో వెనకా ముందూ చూడకుండా సందులోంచి రివర్స్‌లో రోడ్డు మీదికి వచ్చింది. అందులో కూరగాయల గంపలు, గంపల మీద ఒక ముసలామె. మానస కాలు పడింది. బండి ఆటోకు రెండు మూరల దూరంలో ఆగింది. ఒక టమాటా దొర్లుకుంటూ వచ్చి బండి ముందర ఆగింది. ముసలామె ఆటోవాణ్ణి వదిలేసి వీళ్లనే తిట్టింది. "కండ్లు నెత్తికెక్కినయా? పెద్ద బండి ఉంటే రోడ్డు మీదేనా?"

విఠల్ కళ్లు తెరిచాడు. "అయిపోయినయన్నవ్ గదనే. ఇదెన్నోది?"

"ఇది లెక్కల లేదు బాపూ," అంది మానస. స్టీరింగ్ మీది నుంచి కుడి చెయ్యి తీసి గుండ్రంగా ఒకసారి తిప్పుకుంది. చెయ్యి బాగానే ఉంది.

విఠల్ జేబులోంచి తెల్ల కవరు తీసి ముందు సీటు మీదుగా గంగారాం ఒళ్లో వేశాడు.

*

పాత ప్లేట్ల కోసం హైదరాబాదు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. రెండోసారి నాలుగున్నర అన్నాడు. గంగారాం నాలుగు ప్లేట్లూ బాలకిషన్ దుకాణానికి మోయించి, రాయి కోసే బిళ్ల తెప్పించి, నడుమకు కోయించాడు. బాలకిషన్‌కు మనసొప్పక, "గంగన్నా, నాలుగున్నర లక్షలు కోస్తున్నమే," అని ప్రతి ప్లేటుకూ ఒకసారి అన్నాడు. "కొయ్యి," అని ఈయన ప్రతిసారీ అన్నాడు. నల్లటి దుమ్ము లేచి ఇద్దరి మీసాలకూ పట్టింది.

నెలాఖరుకు గంగారాం లెక్క మూసేశాడు. కారు యాభై నాలుగు. స్టీల్ బ్రేకులు నాలుగున్నర. చిట్టీల వడ్డీ, రవాణా, చిల్లర కలిపి లక్షా ఇరవై వేలు. వచ్చింది అరవై ఒకటిన్నర. మిగిలింది లక్షా ఎనభై వేలు. అందులోంచి సాజిద్‌కు ముప్పై వేలు, రెండుసార్లు నోరు తెరిచినందుకు. పదకొండు వేలు పెట్టి సొంత కాటా ఒకటి కొన్నాడు. దాన్ని చూసినవాళ్లంతా, కార్లు కిలోల లెక్కన అమ్ముతున్నవా అని అడుగుతున్నారు. విఠల్ సాంచాల సరుకు మోసే వ్యాను ఒకటి కావాలని ఫోను చేశాడు కానీ, అది ఇంకా మాటే, లెక్కలో రాయలేదు.

చేతిలో మిగిలింది లక్షా ముప్పై తొమ్మిది వేలు, ఒక కాటా, ఆఫీసు గోడకు పక్కపక్కనే రెండు మేకులు, వాటి మీద రెండు సగాలు, ఒకటి మోకుది, ఒకటి ప్లేటుది.